దక్షిణాఫ్రికాకో న్యాయం, మన పేటకో న్యాయమా?



పరాయి దేశాల్లో స్వేచ్ఛ కోసం నిలబడడం మన దేశ ధర్మం అని పెద్దలంటారు. మనం కాదనం. దక్షిణాఫ్రికాలో తెల్లదొరలు భారతీయుల్ని అణగదొక్కుతుంటే, స్వాతంత్ర్యం రాకముందే, 1946లో ఈ దేశం ఐక్యరాజ్యసమితికెక్కింది. వాళ్ళతో వ్యాపారం బంద్ పెట్టింది. 1993 దాకా ఆ పట్టు విడవలేదు. 'ఇది మా ఇంటి విషయం, మీకెందుకు?' అని తెల్ల సర్కారు అంటే మనవాళ్ళు ఒప్పుకోలేదు. మంచి పనే చేశారు.

మరి 2001లో ఏమైంది? అదే దక్షిణాఫ్రికాలో, డర్బన్‌లో, జాతి వివక్ష మీద ప్రపంచ సభ జరిగింది. దళిత సంఘాలు అక్కడికి పోయి కులం సంగతి కూడా రాయండని అడిగాయి. మన సర్కారు అడ్డం పడింది. కులం జాతి కాదంది, మా లోపలి విషయమంది. నాటి తెల్లదొరల మాటే గదా ఇది!

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. 2014లో హైకోర్టు ముద్దాయిలందర్నీ వదిలేసింది. ఇంట్లో న్యాయం దొరకనోడు బయటికి పోయి చెప్పుకోగూడదా?

బాబాసాహెబ్‌కు ఈ సంగతి ముందే తెలుసు. అమెరికా నల్లజాతివాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టిన అర్జీ ప్రతులు కావాలని 1946లోనే డుబాయిస్‌కు ఉత్తరం రాశారు.

ఎక్కడ మనిషిని తొక్కినా మనం గొంతెత్తుదాం. అదే కొలతతో మన పేటనూ కొలవమందాం. ఏప్రిల్ 14న ఊరూరా ఈ తీర్మానం చేసి, వేలిముద్రలూ సంతకాలూ పెట్టి ఢిల్లీకి పంపుదాం.