డ్రైవర్ తీసేశాం కదా... మళ్లీ ఎలా వచ్చింది?

మొన్న హనుమాన్ జంక్షన్‌లో ఒక కాలేజీ ల్యాబ్‌కి వెళ్లాను. బయట నూజివీడు రోడ్డు మీద మామిడికాయల లారీలు, లోపల 20 సిస్టమ్స్, అన్నిట్లో ఒకటే గోల. ఐదు నిమిషాలకోసారి ల్యాన్ కట్. తెల్లారితే పిల్లలకి ఆన్‌లైన్ మాక్ టెస్ట్!

పాత సిస్టమ్‌లో రెడీ చేసిన విండోస్ ఇమేజ్‌నే కొత్తవాటిలో దించారు. "సీ డ్రైవ్‌లో డ్రైవర్స్ ఫోల్డర్ డిలీట్ చేశాం కదండీ" అన్నారు ల్యాబ్ సార్. అది సెటప్ ఫోల్డరే. అసలు కాపీ సిస్టమ్32లో డ్రైవర్ స్టోర్ అనే చోట ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో అన్‌ఇన్‌స్టాల్ కొట్టినా, డ్రైవర్‌ని కూడా తీసేయమని టిక్ పెట్టకపోతే, రీస్టార్ట్ అవగానే అదే మళ్లీ దిగుతుంది. విండోస్ ముందు హార్డ్‌వేర్ ఐడీ ఎంత దగ్గరగా కలిసిందో చూస్తుంది, అది సమానమైతేనే తేదీ. అందుకే పాతది గెలిచింది.

ఆ స్టోర్‌లోకి వెళ్లి చేత్తో డిలీట్ చేయకండి బాబూ, నేను ఒకసారి చేసి ఓఎస్ మొత్తం మళ్లీ వేసుకున్నా. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో పీఎన్‌పీ యుటిల్ స్లాష్ ఎనమ్ హైఫన్ డ్రైవర్స్ కొట్టండి. పాతదాని ఓఈఎం పేరు రాసుకోండి. తర్వాత పీఎన్‌పీ యుటిల్ స్లాష్ డిలీట్ హైఫన్ డ్రైవర్, ఆ పేరు, స్లాష్ అన్‌ఇన్‌స్టాల్. కొత్త ల్యాన్ డ్రైవర్ ముందే పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి, పాతది తీశాక నెట్ ఉండకపోవచ్చు.

20కీ అలాగే చేసేసరికి రాత్రి పదకొండున్నర. మర్నాడు మాస్టర్‌లో కూడా తీసి, సిస్‌ప్రెప్ జనరలైజ్ చేసి, కొత్త ఇమేజ్ తీశాం. ఉత్త జనరలైజ్ చాలదు. అది డివైస్ వివరాలు తుడుస్తుంది గానీ, స్టోర్‌లో ప్యాకేజీ అలాగే ఉంటుంది.