మెమో చూసి వెనక్కి పోవద్దు

(ఉప్పల్–నాచారం జవహర్‌నగర్‌లో ఆదివాసీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం నుంచి వచ్చి, ఉప్పల్‌లో బస్సు దిగి, ఈ చుట్టుపక్కలే రూము తీసుకొని చదువుకుంటున్నోళ్ళు మీలో ఉన్నారు. ఇంటర్ సెకండియర్ గురించి రెండు మాటలు తరచూ వింటున్నాం. "ఎంట్రెన్స్‌లో ర్యాంకు వస్తే చాలు, ఇంటర్ మార్కులు ఎవరు చూస్తరు?" అనేది ఒకటి. "మార్కులు తక్కువొచ్చినయ్, ఇగ మన చదువు అయిపోయింది" అనేది రెండోది. రెండూ తప్పే. మొదటిది సీటు పోగొడుతుంది. రెండోది మనిషినే పోగొడుతుంది.

ముందు లెక్క తెలుసుకోండి.

ఎన్‌ఐటీలో చేరాలంటే జేఈఈ ర్యాంకు ఒక్కటే సరిపోదు. ఎస్టీ విద్యార్థికి ఇంటర్‌లో 65 శాతం ఉండాలి. లేదా మీ బోర్డులో మీ కేటగిరీ టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. కరోనా ఏళ్ళలో ఈ నిబంధనను పక్కన పెట్టారు, 2023లో మళ్ళీ తెచ్చారు. సీటు వచ్చినాక కూడా, మెమోలో ఈ అర్హత లేకపోతే ఆ సీటు నిలవదు.

రాష్ట్ర ఇంజనీరింగ్ సీట్లకు ఒకప్పుడు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. 2023లో దాన్ని పూర్తిగా తీసేశారు. అయినా ఎస్టీలకు గ్రూపు సబ్జెక్టుల్లో 40 శాతం కావాల్సిందే. ఎంపీసీ వాళ్ళకైతే 600కు 240. నీట్ రాసేవాళ్ళకూ ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 40 శాతం తప్పదు. డిగ్రీకి దోస్త్‌లో అయితే ఇంటర్ మార్కులే మీ ర్యాంకు. 2022లో పోరాడి సాధించుకున్న 10 శాతం ఎస్టీ రిజర్వేషన్ ఉంది. కానీ ఆ సీట్లలో కూడా మంచి కాలేజీ ఎవరికనేది మార్కులే తేలుస్తయి.

ఇప్పుడు రెండో మాట. మెమో తప్పు కూడా కావచ్చు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు 3 లక్షల మందికి పైగా ఫెయిలయ్యారు. తెలుగులో సున్నా వేసిన ఒక అమ్మాయికి తర్వాత చూస్తే 99 మార్కులు! ప్రభుత్వం వేసిన త్రిసభ్య కమిటీ కూడా లోపాలున్నాయని తేల్చింది. ఈలోపే 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మెమోను సరిదిద్దొచ్చు. ఆ పిల్లల్ని ఎవరు తెచ్చిస్తరు?

అందుకే, మార్కులు అనుకున్నదానికంటే బాగా తగ్గితే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్‌కు గడువులోపు దరఖాస్తు పెట్టండి. ఫెయిలైతే అదే ఏడాది అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాయండి. ఒక్క పేపర్ పోయిందని నాచారం కంపెనీల్లో పనికి కుదిరి, పుస్తకాలు అటకెక్కించకండి. మనసు బాగాలేకపోతే 14416 టెలీమానస్‌కు ఫోన్ చేయండి, పైసా ఖర్చు లేదు. ఇంటికి ఫోన్ చేసి అమ్మకు, నాయనకు చెప్పండి. దాచుకోకండి.

ఇంకో మాట. మన పిల్లలకు మార్కులు తగ్గేది తెలివి లేక కాదు. ఇంట్లో కోయ, గోండి, కొలామీ మాట్లాడే పిల్ల బడిలో అడుగుపెట్టిన రోజే పరాయి భాషలో పరీక్ష మొదలైతది. ప్రాథమిక చదువు తల్లిభాషలో అందేలా చూడాలని రాజ్యాంగం 350ఏ అధికరణ చెబుతోంది. ఏజెన్సీ బడుల్లో స్థానిక ఆదివాసీలే టీచర్లుగా ఉండాలని 2000లో జీవో 3 వచ్చింది. దాన్ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. పునాది అట్ల పెట్టి, చివర్లో 65 శాతం ఏదని అడగడం ఏం న్యాయం? మన భాష తెలిసిన టీచర్ల కోసం కొట్లాట కొనసాగాల్సిందే.

ఆ కొట్లాట గెలిచేదాకా మీ ఏడాది ఆగదు. అందుకే సీనియర్లను అడుగుతున్న: ఫలితాల వారం మీ ఊరి తమ్ముళ్ళు, చెల్లెళ్ళ లిస్టు రాసుకోండి. ప్రతి ఒక్కరికీ ఫోన్ చేయండి. ఎన్ని మార్కులని కాదు, "తర్వాత ఏ దరఖాస్తు పెట్టినవ్?" అని అడగండి. పెట్టకపోతే పక్కన కూర్చొని పెట్టించండి.

భూమి పట్టా పోతే ఊరంతా కదులుతం. మన పిల్ల సీటు పోతున్నప్పుడు కూడా అట్లనే కదలాలె.

జై ఆదివాసీ!