అద్దె కాగితంలో పొగ షరతు
(దాతల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన దుకాణాలకూ షాదీఖానాకూ ఈ ఏడాది కొత్త అద్దె కాగితాలు రాసుకున్నాం. లోపల పొగ తాగనివ్వరాదని వాటిలో ఒక షరతు పెట్టాం. దాని మీద మీలో కొందరు సూటిగానే అడిగారు: ‘‘మా చందాలతో కట్టిన భవనం. అద్దెకిచ్చాక లోపల ఏం చేసుకుంటే మనకేం? వితంతువుల పింఛన్లు, పిల్లల ఫీజులు ఆ అద్దెల మీదే నడుస్తున్నాయి. ఉన్న అద్దెదారుణ్ణి పోగొట్టుకునే షరతు ఎందుకు?’’ అద్దె ఒక్క నెల ఆగితే ఎవరి ఇంట్లో ఇబ్బంది మొదలవుతుందో మాకు తెలుసు కాబట్టి ఈ ప్రశ్నకు వివరంగానే జవాబు చెప్పాలి.

ముందు చట్టం. బహిరంగ స్థలాల్లో ధూమపానం ఆపాలని సుప్రీంకోర్టు 2001లో మురళీ దేవరా కేసులో ఆదేశించింది. పొగ తాగనివాడు పక్కవాడి పొగకు ఎందుకు బలి కావాలన్నది అక్కడి ప్రశ్న. రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కు మీద ఆ తీర్పు నిలబడింది. 2003లో పొగాకు ఉత్పత్తుల చట్టం, 2008 అక్టోబర్ 2 నుంచి కొత్త నియమాలు వచ్చాయి. హోటళ్లు, కాఫీ హౌస్‌లతో పాటు ఫంక్షన్ హాళ్లు కూడా ఆ నియమాల కిందికి వస్తాయి. ఆ నియమాలను అడ్డుకోవాలని వ్యాపారులు కోర్టుకెక్కినా స్టే దొరకలేదు. తాగినవాడికి జరిమానా 200 రూపాయల దాకా ఉంటుంది. యజమాని గానీ మేనేజర్ గానీ 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు బోర్డు పెట్టాలి, యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు ఉంచకూడదు. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోకపోతే జరిమానా అతని మీదికీ వస్తుంది. అంటే షాదీఖానా వరకు మనం కొత్తగా పెట్టిందేమీ లేదు. ఉన్న చట్టాన్నే కాగితం మీద రాసుకున్నాం.

అయినా చట్టం ఉందని చెప్పి వాదన ముగించడం మర్యాద కాదు. ఆస్తి హక్కు వాదంలో బలం ఉంది. హోటల్ నాది, తలుపు మీద ‘ఇక్కడ పొగ తాగుతారు’ అని రాస్తాను, ఇష్టమున్నవాడు వస్తాడు, లేనివాడు పక్క హోటల్‌కు పోతాడు, మధ్యలో సర్కారుకేం పని అంటాడు యజమాని. గిరాకీ వరకు ఈ మాట కొంత చెల్లుతుంది. కానీ బల్లలు తుడిచే కుర్రాడి సంగతేమిటి? గిరాకీ అరగంట కూర్చుని లేచిపోతాడు. కుర్రాడు పొద్దుట నుంచి రాత్రి దాకా అదే గాలి పీలుస్తాడు. వాడికి పక్క హోటల్‌కు పోవడమంటే జీతం వదులుకోవడమే. ఫంక్షన్ హాల్లో వడ్డించేవాళ్లు, తల్లి ఒళ్లో పసిబిడ్డ కూడా ఆ పొగను ఎంచుకుని రాలేదు.

‘ఫ్యాను పెడదాం, కిటికీలు తెరుద్దాం’ అన్నారు ఒక పెద్దాయన. అమెరికా సర్జన్ జనరల్ 2006 నివేదిక ఈ సంగతే పరిశీలించింది. విడిగా కూర్చోబెట్టినా, గాలి శుభ్రం చేసినా, వెంటిలేషన్ పెట్టినా భవనం లోపల పక్కవాడి పొగ బెడద పూర్తిగా పోదని తేల్చింది.

మన ఫిఖ్హ్‌లోనూ ఈ చర్చ పాతదే. హనఫీ న్యాయాన్ని ఆధారం చేసుకుని ఉస్మానియా తుర్కులు 1869 నుంచి 1876 వరకు మజల్లా అనే సివిల్ స్మృతిని కూర్చారు. సొంతదారు తన ఆస్తిని ఇష్టం వచ్చినట్టు వాడుకోవచ్చని 1197వ అధికరణం ఒప్పుకుంటుంది, ఇతరులకు తీవ్రమైన హాని లేనంతవరకే. ఆ హానిని తొలగించాలంటుంది 1200వ అధికరణం. అక్కడిచ్చిన ఉదాహరణల్లో ఒకటి పొగే! పొరుగున బట్టీ పెడితే దాని పొగకు ఇంట్లో ఉండలేని పరిస్థితి. సిగరెట్ గురించి రాసింది కాదది, నిజమే. కానీ మిల్కియత్ హక్కు ఎక్కడ ఆగాలో ఆ న్యాయవేత్తలకు స్పష్టంగానే తెలుసు.

చట్టం అందరికీ సమానంగా లేదన్న ఫిర్యాదు మాత్రం సరైనదే. 30 గదులున్న హోటల్, 30 మంది కూర్చునే రెస్టారెంట్ విడిగా పొగ గది పెట్టుకోవచ్చు. నాలుగు బల్లల చాయ్ హోటల్‌కు ఆ వీలు లేదు. పెద్దవాళ్లకు ఆ మినహాయింపు కూడా తీసేస్తేనే న్యాయమని మా అభిప్రాయం. అలాగే నిజామాబాద్, జగిత్యాల వైపు మన ఇళ్లలోనే ఎందరో ఆడవాళ్లు బీడీలు చుట్టి బతుకుతున్నారు. తాగేవాళ్లు తగ్గితే వాళ్ల పని తగ్గుతుంది. వాళ్లకు వేరే పని చూపించడం మనలాంటి సంఘాల బాధ్యతే, కానీ అందుకోసం పెళ్లి పందిట్లో పొగ తాగించనక్కర్లేదు.

ఇక మూల దుకాణం. అక్కడ సిగరెట్లు అమ్ముతారు. విద్యాసంస్థకు వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని చట్టం. ప్రహరీ గోడ నుంచి కొలవాలి. మన బడి ప్రహరీ నుంచి టేపు పెట్టి కొలిపించాం, దుకాణం ఆ లోపలే ఉంది. అద్దెదారు పాతవాడు, ఏనాడూ అద్దె ఆపినవాడు కాదు. సిగరెట్లు మానేసి చాయ్, బిస్కెట్లు పెట్టుకుంటానన్నాడు, ఆరు నెలలు అద్దె తగ్గించమని అడిగాడు. తగ్గిస్తే పింఛన్ల పద్దులో ఆ మేరకు లోటు పడుతుంది. తగ్గించాలనే కార్యవర్గం అనుకుంటోంది. ఆ లోటు ఎలా పూడ్చాలో వచ్చే సర్వసభ్య సమావేశంలో మీరే చెప్పాలి.