కొట్టే ముందు అడుగుదాం
(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల గురించి మాట్లాడమంటే నాకు తేలిక. కుర్రవాళ్ల కొట్లాటల గురించి మాట్లాడమన్నారు. ఇందులో నేను పండితుణ్ణి కాను, తప్పు చేసిన తండ్రిని. అక్కడి నుంచే మొదలుపెడతాను.

1988 డిసెంబరు 26వ తేదీని మనలో ఎవరూ మరచిపోలేరు. విజయవాడలో నిరాహార దీక్షలో ఉన్న శాసనసభ్యులు వంగవీటి మోహనరంగా గారు హత్యకు గురయ్యారు. ఆ వెంటనే నగరమూ కోస్తా జిల్లాలూ అల్లర్లతో అట్టుడికిపోయాయి. కర్ఫ్యూ పెట్టారు. అప్పుడు మా పెద్దవాడికి పదిహేనేళ్లు. పొద్దుపోయాక చొక్కా నిండా మసితో, కాలిన టైర్ల వాసనతో ఇంటికి వచ్చాడు. నేను బెల్టు తీశాను. ఎవరితో వెళ్లావు, ఎందుకు వెళ్లావు అని ఒక్క మాట అడగలేదు. ఆ తరువాత వాడు మసితో రాలేదు గనుక నా మందు పనిచేసిందనుకున్నాను. నలభై ఏళ్లు దాటాక వాడే చెప్పాడు: "వీధిలో అన్నలు పిలిస్తే వెళ్లాను నాన్నా. రాకపోతే పిరికివాడంటారని భయం. మీరు కొట్టాక కొట్లాటలకు వెళ్లడం మానలేదు. బట్టలు మార్చుకుని ఇంటికి రావడం నేర్చుకున్నాను."

మిత్రులారా, కారణం ఆ మాటల్లోనే ఉంది. చాలామంది కుర్రవాళ్లు కోపంతో కొట్లాటకు వెళ్లరు, పిలుపు కాదనలేక వెళతారు. ముందువెనుకలు ఆలోచించే మెదడు భాగం ఇరవై ఏళ్లు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుందని వైద్యులు చెబుతారు. పక్కన పది మంది ఉంటే ఆ కాస్త ఆలోచన కూడా నిలవదు. ఇంట్లో దెబ్బలే న్యాయం అయితే బయటా అదే న్యాయం అనుకుంటారు. మద్యం, గంజాయి దానికి తోడవుతాయి. ఈ రోజుల్లో సెల్‌ఫోన్‌లో వీడియో ఒకటి.

పెద్దల తగాదాలకు కుర్రవాళ్లు సమిధలవుతారు. 2020 మే నెలాఖరున మనకు దగ్గరలోని పటమటలో రెండు ముఠాలు కర్రలు, కత్తులతో తలపడ్డాయి. ఒక ప్రాణం పోయింది. మూలం ఒక ఆస్తి తగాదా. అక్కడికి వెళ్లిన కుర్రవాళ్లలో ఎంతమందికి ఆ ఆస్తిలో చదరపు గజమైనా వాటా ఉందో ఆలోచించండి.

నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సీటులో ఉండగా ఒక ఫైలు చూశాను. ఉద్యోగానికి ఎంపికైన కుర్రవాడి పేరు పాత కొట్లాట కేసులో ఉంది. పోలీసు విచారణ నివేదిక దగ్గర నియామకం నెలల తరబడి ఆగిపోయింది. తండ్రి వచ్చి నా బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. 18 ఏళ్ల లోపు వారికి చట్టంలో రక్షణ ఉంది, నిజమే. కానీ 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, 16 ఏళ్లు నిండినవాడు హత్య వంటి ఘోర నేరం చేస్తే, జువెనైల్ జస్టిస్ బోర్డు పరిశీలించి, పెద్దవారిలాగే విచారించేందుకు బాలల కోర్టుకు పంపవచ్చు. ఈ సంగతి మన మనవళ్లకు తెలియదు.

పోయిన ఏడాది ఇంటర్ చదివే నా మనవడు అన్నం సగంలో వదిలేసి, క్రికెట్ వికెట్టు ఒకటి సంచిలో పెట్టుకోవడం చూశాను. చెయ్యి లేచింది. వాళ్ల నాన్న మాట గుర్తొచ్చి దించాను. వసారాలో కూర్చోబెట్టి అడిగాను. చాలాసేపటికి చెప్పాడు. తగాదా వాడిది కాదు, స్నేహితుడిది. సాయంత్రం కాలువ గట్టుకు రమ్మన్నారట. "వెళ్లకపోతే ఫ్రెండ్‌వే కాదంటారు తాతయ్యా" అన్నాడు. అవతలి కుర్రవాడి తాతగారు మన సంఘ సభ్యులే. ఇప్పుడు ఈ హాలులోనే ఉన్నారు. ఫోను చేశాను. మేమిద్దరం ఆ ముగ్గురినీ మా అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చాము. గొడవకు మూలం ఫోనులో పెట్టిన ఒక వెక్కిరింపు. అరగంటలో సర్దుకుంది. వికెట్టు ఇప్పటికీ మా బీరువా మీదే ఉంది.

చివరగా మూడు విషయాలు మనవి చేస్తాను. కొట్టే ముందు అడుగుదాం, చెప్పేదాకా ఓపిక పడదాం. పిలిచినా వెళ్లనన్న పిల్లవాణ్ణి పిరికివాడనకుండా నలుగురిలో మెచ్చుకుందాం. కత్తి కనబడినా, బెదిరింపు వచ్చినా మనమే పంచాయతీ చేయకుండా 112కి, పిల్లల సాయం కోసం 1098కి ఫోను చేద్దాం.

కొడుకులకు, కోడళ్లకు ఉద్యోగాలతో తీరిక లేదు. సాయంత్రం ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చునేది మనమే. సంచి పట్టుకుని బయలుదేరే పిల్లవాడు ముందుగా కనబడేదీ మనకే. నా కొడుకును నేను అడగలేదు. మీరు మీ మనవళ్లను అడగండి. సెలవు.