ఇంటి ఏడాది లెక్క



ఉగాది నుంచి ఉగాది దాకా ఇల్లెట్లా గడిచిందో నెలనెలా రాసుకుందాం.

చైత్రం, వైశాఖం ఎండలే. పొద్దంతా నీళ్ల బిందెలతోనే సరి. పాపాఘ్ని మన కమలాపురం దగ్గరే పెన్నలో కలుస్తుంది. ఏం లాభం? ఎండాకాలం ఇసుకే కదా!

ఏరువాకకు చెనిక్కాయ విత్తనాల అప్పు. ఇక్కడ కొంచెం ఆగండి. ఎవరిచ్చారు? ఎంత? వడ్డీ ఎంత? అయిదు వేలు తెచ్చారనుకోండి. నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ. నెలకు 100 రూపాయలు. కార్తీకంలో కాయ అమ్మేనాటికి అయిదు నెలలు. వడ్డీ 500. మొత్తం 5,500. అప్పిచ్చినాయన ఆరు వేలు అంటే పుస్తకం తెరిచి చూపండి.

శ్రావణంలో కలుపు. పరాయి చేనులో తీస్తే కూలి ఇస్తారు. సొంత చేనులో మన కూలి ఎవరూ రాయరు. ఎన్ని రోజులు తీశారో మీరే రాయండి. కాయ పీకేటప్పుడు పాప బడి మానిన రోజులూ రాయండి.

మందుకు పోయిన డబ్బు రాయడానికి సిగ్గెందుకు? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చిన ఆడవాళ్లు సారా అంగడి మూయించారు.

సంక్రాంతి బట్టలు, మాఘంలో పెండ్లిండ్ల ఖర్చు తర్వాత చూద్దాం. రేపటికి ఏరువాక నెల ఒక్కటే రాసుకొని రండి.