పానం బాగలేని బిడ్డకు గైర్హాజరు వేస్తరా?

(మార్చి 10, సావిత్రిబాయి ఫూలే వర్ధంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

ఈ రోజు సావిత్రిబాయి తల్లి కన్నుమూసిన రోజు. 1848లో పూనాలో ఆడపిల్లలకు బడి పెట్టిన సంగతి మనం ప్రతి సభలో చెప్పుకుంటం. ఆమె ఎట్ల చనిపోయిందో మాత్రం తక్కువ చెప్పుకుంటం. 1897లో పూనాలో ప్లేగు వచ్చింది. కొడుకు యశ్వంత్ డాక్టరు. ఊరి బయట దవాఖాన పెట్టి రోగులను చూస్తున్నడు. ముండ్వా ఊరవతల మహర్ వాడలో ఒక పిల్లగానికి ప్లేగు సోకిందని తెలిసి ఆ తల్లి పోయింది. పిల్లగాన్ని వీపున వేసుకొని దవాఖానకు మోసుకొచ్చింది. అదే జబ్బు ఆమెకూ అంటింది. మార్చి 10న ప్రాణం విడిచింది. మన మొదటి పంతులమ్మ వాడ పిల్లగాన్ని మోసి చనిపోయింది.

ఇంకో పంతులు కథ బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసిండు. కథియవాడ్‌లో ఒక అంటరాని కులపు పంతులు. ఆయన భార్య బాలింత, జబ్బు పడ్డది. డాక్టరు వాడలోకి రానన్నడు. వాడ బయటికి తెస్తే చూస్తనన్నడు. తెచ్చిండ్రు. థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చిండు, ఆయన పంతులుకిచ్చిండు, పంతులు భార్యకు పెట్టిండు. మళ్లీ అదే దారిన డాక్టరు చేతికి పోయింది. ముట్టుకోకుంటనే నిమోనియా అన్నడు. ఆమె బతకలేదు. 1929లో ఈ సంగతి గాంధీ నడిపిన 'యంగ్ ఇండియా' పత్రికలో అచ్చయింది.

బంధువులారా, ఒక దిక్కు వీపున మోసిన చెయ్యి, ఇంకో దిక్కు ముట్టని చెయ్యి. ఇయ్యాల మన పిల్లలు చదివే హాస్టళ్లు, ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు ఈ రెంటిలో ఏ చెయ్యి? ఈ ఒక్క ప్రశ్న అడగడానికే మేం ఈ మైకు ముందు నిలబడ్డం.

మేం మా ఇంట్ల మొదటి డిగ్రీ చదివినోళ్లం. అయ్య జీతమున్నోడు, అవ్వ కైకిలికి పోయేది. సాంఘిక సంక్షేమ హాస్టల్ బువ్వ తినకపోతే మేం పంతుళ్లం అయ్యేటోళ్లం కాదు. కాబట్టి హాస్టళ్లు వద్దని మేం చెప్పం. అవి మనం కొట్లాడి తెచ్చుకున్నయి. మనయి కాబట్టే అడుగుతున్నం.

మేం ఎనిమిదో తరగతిల ఉన్నప్పుడు పక్క చాపల పడుకునే దోస్తుకు జరం వచ్చింది. రెండు రోజులు చెప్పలేదు. చెప్తే తిడ్తరని భయం. మూడో రోజు లేవలేకపోయిండు. వార్డెన్ సారు కోపం గూడ చెయ్యలేదు. మంచిగనే "ఇంటికి పోయి తగ్గినంక రా" అన్నడు. వాని ట్రంకు పెట్టె మేమే మోసి బస్సెక్కించినం. తోడు ఎవరూ పోలేదు. వాడు మళ్ల రాలేదు. వారం తర్వాత కబురొచ్చింది. వాళ్ల అయ్య పెట్టె తీసుకపోవడానికి వచ్చి ఎవరినీ ఏం అడగలేదు. హాజరు పట్టీలో మాత్రం వాని పేరు ముందర ఆరు రోజులు గైర్హాజరు అని ఉంది. జరం అనే మాట ఎక్కడా లేదు.

ఇగో, ఇదే అసలు సంగతి. బిడ్డ జబ్బు పడ్డదని రాస్తే బాధ్యత హాస్టల్‌ది. ఇంటికి పోయిందని రాస్తే బాధ్యత అవ్వయ్యలది. "మీ బిడ్డకు బాగలేదు, తీసుకపోండ్రి" అని ఫోన్ చేస్తరు. కైకిలి ఇడిచిపెట్టి, అప్పు చేసి, రెండు బస్సులు మారి వచ్చి తీసుకపోతం. అందాక వైద్యం ఆగుతది. అప్పుడు థర్మామీటరు చేతులు మారింది. ఇప్పుడు బిడ్డనే చేతులు మారుస్తున్నరు. ముట్టకుంట తప్పించుకునే కొత్త తీరు ఇది.

ఇదేదో పాతకాలం ముచ్చట అనుకోవద్దు. పాత ఆదిలాబాద్ జిల్లాల, 2022 జూలైలో బాసర ట్రిపుల్ ఐటీ మెస్సులో తిని వంద మందికి పైగా పిల్లలు దవాఖాన పాలైండ్రు. 2024 అక్టోబర్ చివర్ల కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి గిరిజన ఆశ్రమ పాఠశాలలో పదుల మంది ఆడపిల్లలు వాంతులు, విరేచనాలతో పడిపోయిండ్రు. తొమ్మిదో తరగతి బిడ్డ ఒకరు హైదరాబాద్ నిమ్స్‌ల వారాల తరబడి కొట్లాడి నవంబర్ 25న చనిపోయింది. పాత కరీంనగర్ జిల్లాల, జగిత్యాల దిక్కు మెట్‌పల్లి మండలం పెద్దాపూర్ గురుకులంలో 2024 జూలై, ఆగస్టు నెలల్లో రెండు వారాల తేడాతో ఇద్దరు పిల్లలు పోయిండ్రు. పాము కరిచిందేమోనని అనుమానం వచ్చింది. మంత్రులు వచ్చి చూసిపోయిండ్రు.

కట్లపాము గురించి ఒక ముక్క చెప్పాలె. అది రాత్రిపూట కింద పడుకున్నోళ్లను కరుస్తది. చాలాసార్లు గాటు కనబడదు, వాపు రాదు. తెల్లారేసరికి కడుపునొప్పి, వాంతులు, కండ్ల రెప్పలు వాలుడు, మాట ముద్దగ వచ్చుడు. కింద పడుకున్న పిల్ల పొద్దుగాల కడుపునొప్పి అంటే "బడి ఎగ్గొట్టే వేషం" అనే మాట నోట్ల నుంచి రావద్దు. కట్టు కట్టుడు, మంత్రం, పసరు ఏవీ వద్దు. నడిపించకుంట 108లో పెద్ద దవాఖానకు పోవాలె. విషానికి విరుగుడు సూది దవాఖానలోనే ఇస్తరు.

ఇతరుల తప్పులే చెప్తే మేం పంతుళ్లం ఎట్లయితం? మా తప్పు గూడ ఒప్పుకుంటున్నం. మా తరగతిల ఒక గోండు బిడ్డ చలికాలం రాంగనే కీళ్లు నొస్తున్నయని బల్ల మీద తల పెట్టేది. బద్ధకం అనుకున్నం. ఒకరోజు ఎండల నిలబెట్టినం. తర్వాత రక్తపరీక్షలో సికిల్ సెల్ అని తేలింది. పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు. చలికి, ఒంట్ల నీళ్లు తగ్గినా నొప్పులు లేస్తయి. ఆ బిడ్డకు కావాల్సింది నీళ్లు, నీడ, మందు. మేం ఇచ్చింది ఎండ. ఆ బిడ్డ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆ మౌనం ఇప్పటికీ మా కడుపుల ఉంది. 2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. ఆదివాసీ ప్రాంతాల్లో 40 ఏండ్ల లోపు వాళ్లకు పరీక్ష చెయ్యాలని అందులో ఉంది. మన గూడెం పిల్లలకు అయిందా లేదా అడగాలె.

కాగితం మీద ఏర్పాట్లు లేకపోలేదు. ఆర్‌.బి.ఎస్‌.కె. పథకం 2013లో వచ్చింది. డాక్టర్ల బృందం సర్కారు బడికి ఏడాదికోసారి వచ్చి ప్రతి పిల్లను చూడాలె. ఫిబ్రవరిలో, ఆగస్టులో నులిపురుగుల గోలీ. వారం వారం రక్తానికి ఐరన్ గోలీ. 2015 మధ్యాహ్న భోజన నియమాల ప్రకారం పిల్లలకు పెట్టకముందే టీచరు తిని చూడాలె. 2024 చివర్ల హాస్టల్ తిండి పైసలు పెంచిండ్రు. మూడు నుంచి ఏడో తరగతి దాక నెలకు 950 ఉండేది, 1330 చేసిండ్రు. ఎనిమిది నుంచి పది దాక 1100 ఉండేది, 1540 అయింది. సంతోషమే. లెక్క కట్టుండ్రి, చిన్న పిల్లకు రోజుకు 44 రూపాయలు. పొద్దటి టిఫిను, రెండు పూటల బువ్వ, గుడ్డు, పాలు అన్నీ అందులోనే. ఆ 44 గూడ పూర్తిగ పళ్లెంల పడుతున్నయా అని చూసే కండ్లు మనయి కావాలె.

అందుకే ఐదు మాటలు అడుగుదాం. ఊరూర అడుగుదాం.

ఒకటి, జబ్బు పడ్డ పిల్లకు వేరే గది, మంచం, కాచిన నీళ్లు ఉండాలె.

రెండు, ముందుగాల దవాఖాన, తర్వాతనే ఇల్లు. ఒంటరిగ బస్సెక్కించుడు బందు కావాలె. హాస్టల్ మనిషి తోడు పోవాలె. అదే రోజు అవ్వయ్యలకు కబురు రావాలె.

మూడు, జబ్బుల రిజిస్టర్ పెట్టాలె. ఏ పిల్ల, ఏ రోజు, ఏం బాధ, ఎవరు చూసిండ్రు, ఏం మందు ఇచ్చిండ్రు అన్నీ రాయాలె. తల్లిదండ్రులు అడిగితే చూపాలె.

నాలుగు, రాత్రి ఒక పెద్దమనిషి మెలకువతో ఉండాలె. బండి ఎవరిది, ఫోన్ నంబరు ఏంది, పిల్లలు చదివేటట్టు గోడ మీద రాయాలె.

ఐదు, బాగలేదని చెప్పిన పిల్లను తిట్టొద్దు, కొట్టొద్దు. చెప్పిన పిల్లే బతుకుతది.

ఇక మన పని. అవ్వలారా, హాస్టల్‌కు పోతే మార్కులు ఒక్కటే అడగకుండ్రి. రాత్రి నిద్ర వస్తుందా, కడుపు ఎట్లుంది, ఆడబిడ్డయితే నెలసరి సక్కగ అయితుందా అని పక్కకు పిలిచి అడగండ్రి. కంటి రెప్ప కిందికి గుంజి చూడండ్రి, తెల్లగ ఉంటే రక్తం తక్కువున్నట్టు. "గట్టిగ అడిగితే సీటు పోతదేమో" అని భయపడకుండ్రి. సీటు భిక్ష కాదు, హక్కు. ఒక్కరు అడిగితే గదమాయిస్తరు, పది మంది పోతే కుర్చీ వేస్తరు. సంఘం తమ్ముళ్లారా, మీ వాడ నుంచి, మీ గూడెం నుంచి ఏ పిల్ల ఏ హాస్టల్ల ఉందో ఒక నోటుబుక్కుల రాయండ్రి. నెలకోసారి ఇద్దరు పోయి ఆ జబ్బుల రిజిస్టర్ చూసి రాండ్రి. మంచిగ చూసుకునే వార్డెన్లు, నర్సమ్మలు, వంటక్కలు ఉన్నరు. వాళ్లకు దండం పెట్టి తోడు నిలబడండ్రి.

సావిత్రిబాయి ఫొటోకు దండ వేసినం. పూలు రేపటికి వాడిపోతయి. మన హాస్టల్ల ఇయ్యాల రాత్రి ఏ బిడ్డకో జరం వస్తది. ఆ బిడ్డను ఎవరు ఎత్తుకుంటరు? పట్టీలో గైర్హాజరు వేసే చెయ్యి కాదు, వీపున మోసే చెయ్యి కావాలె. పంతుళ్లుగా మేం ఆ పనికి మాటిస్తున్నం. మీరు మమ్మల్ని నిలదీస్తనే ఉండండ్రి.

జై సావిత్రీ! జై కుమురం భీం! జై భీమ్!