ఒకటవ తరగతి ఉపాధ్యాయుని చదువు



పల్లెలో పిల్లవానికి అక్షరాభ్యాసము చేయించునపుడు తిథి చూతురు, వారము చూతురు, తారాబలము చూతురు. ఆ మరునాటినుండి వానిచేత పలకపై దిద్దించు ఉపాధ్యాయుడు ఏమి చదివినవాడో విచారించువారు మాత్రము అరుదు. పదవ తరగతికి గణితము చెప్పువానికి పట్టము ఉండితీరవలెనని అందరును అందురు. ఒకటవ తరగతికి చెప్పువానికి ఇంటర్మీడియట్ పైన రెండేండ్ల శిక్షణ చాలునని నిబంధనలే అంగీకరించినవి. పిల్లలు చిన్నవారు గనుక వారికి చెప్పువాని చదువు కూడ చిన్నదైనను చెల్లునను తలంపు దీనికి మూలము. ఈ తలంపు ఎంత పాతదో అంత తప్పు.

ఒక్క సంగతి చూడుడు. చిన్న తరగతి పిల్లవానిని నూట అయిదు వ్రాయుమనిన 1005 అని వ్రాయుట ప్రతి బడిలోను కనబడునదే. వాడు మందుడై అట్లు వ్రాయలేదు. నూరు అని వినెను, 100 వేసెను. అయిదు అని వినెను, దాని ప్రక్కన 5 వేసెను. చెవికి వినబడిన క్రమమునే చేయి అనుసరించినది. ఒకే అంకె తానున్న స్థానమును బట్టి విలువ మార్చుకొనుననుట సులువైన విషయము కాదు. పహాణీలో ఒక్క సున్న ఎక్కువ పడిన ఎకరము పదెకరములగును. పెద్దలే తడబడు చోట ఏడేండ్ల పసివాడు తడబడుట వింతయా? ఉపాధ్యాయుడు ఆ 1005 మీద ఎర్రసిరాతో అడ్డగీత గీచి ఊరకొన్నచో, పిల్లవానికి తెలియునది తనకు లెక్కలు రావను మాట ఒక్కటే. అది తెలిసిన ఉపాధ్యాయుడు చీపురుపుల్లలు తెప్పించును. పదేసి పుల్లలు కట్టలు కట్టించును. పది కట్టలు చేర్చి ఒక పెద్ద మోపు చేయించును. ఒక మోపు, కట్టలు లేవు, విడిపుల్లలు అయిదు. కట్టలు లేని ఆ చోటనే సున్న కూర్చుండునని పిల్లవాడు తానే కనుగొనును.

స్విట్జర్లాండు దేశస్థుడగు జాన్ పియాజె పిల్లల తప్పులనే సావధానముగ పరిశీలించి ఒక శాస్త్రమును నిర్మించెను. వెడల్పు గిన్నెలోని నీటిని పిల్లవాని కన్నులయెదుటనే పొడవైన సన్నని గాజుపాత్రలో పోసి, ఇప్పుడు నీరు పెరిగినదా అని అడిగిన, అయిదారేండ్ల పిల్లలు తరచుగ పెరిగినదనియే చెప్పుదురు. వారి దృష్టి ఎత్తుపైననే నిలుచును. వెడల్పు తగ్గినదను సంగతిని దానితో జోడించి చూచుట తరువాతి వయసున వచ్చును. ఆయన పుట్టిన 1896లోనే పుట్టిన రష్యా పండితుడు విగోట్‌స్కీ మరియొక మాట చేర్చెను. నేడు పెద్దవారి తోడ్పాటుతో చేయగలుగు పనిని పిల్లవాడు రేపు తానొక్కడే చేయును గనుక, ఆ తోడ్పాటు ఎంతవరకు ఈయవలయునో ఎరుగుటయే బోధన.

ఈ దృష్టి పురాతనులకు తెలియనిది కాదు. జనగామ జిల్లాలోని బమ్మెర గ్రామము పోతనామాత్యునిదని ప్రసిద్ధి. ఆయన భాగవతమున చండామార్కులు శాస్త్రములన్నియు ఎరిగినవారే. శిష్యుని మనస్సు మాత్రము వారికి అంతుపట్టలేదు. అంతుపట్టనప్పుడు వారు శిష్యునినే బెదరించిరి. పంచతంత్రములోని విష్ణుశర్మ అట్లు చేయలేదు. రాజపుత్రులకు శాస్త్రము తలకెక్కనపుడు వారిని నిందింపక, ఆ శాస్త్రమునే కథలుగ మార్చి చెప్పెను.

ఇక ప్రస్తుత స్థితికి వత్తము. బి.ఎడ్. అనునది ప్రధానముగ ఉన్నత పాఠశాల తరగతులకై ఏర్పడిన శిక్షణ. 2018 జూన్ 28న జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి ఆ పట్టము గలవారిని ఒకటి మొదలు అయిదు తరగతులకు కూడ అర్హులను చేసి, ఉద్యోగమున చేరిన పిదప ఆరునెలల వారధి కోర్సు చేసిన చాలుననెను. రాజస్థాన్ హైకోర్టు దానిని కొట్టివేయగా, 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించెను. ప్రాథమిక తరగతులకు తగిన బోధనాశిక్షణ బి.ఎడ్.లో లేదనుట అందలి సారాంశము. 2024లో తెలంగాణ ప్రభుత్వము 11,062 ఉపాధ్యాయ పదవులకు ప్రకటన చేసినపుడు, వానిలో 6,508 సెకండరీ గ్రేడ్ టీచరు పదవులు. ప్రాథమిక తరగతుల గురువునకు సెకండరీ అను పేరెట్లు నిలిచెనో గాని, ఆ పదవులు ప్రాథమిక శిక్షణ పొందినవారికే చెందినవి.

దీనినిబట్టి పట్టము అనవసరమని ఎవరైన భావించిన పొరపడినవారగుదురు. పెద్ద పిల్లలకై తయారైన పట్టము చిన్న పిల్లలకు సరిపడదనియే కోర్టు చెప్పినది. చిన్న పిల్లలకై ప్రత్యేకముగ పట్టస్థాయి చదువు ఉండవచ్చును, ఉన్నది కూడ. ఢిల్లీ విశ్వవిద్యాలయము 1994లోనే ప్రాథమిక ఉపాధ్యాయులకై నాలుగేండ్ల పట్టకోర్సు ప్రారంభించెను. శిశువికాసము దానికి పునాది. విద్యార్థినులు పిల్లలను ఆటలోను మాటలోను గమనించి వ్రాసికొనుటయు, నాలుగవ ఏట బడిలో ఉండి పాఠములు చెప్పుటయు అందలి భాగములు. ఉపాధ్యాయ అర్హత పరీక్షలో 150 మార్కులకు 30 మార్కులు శిశువికాసమునకు ఉన్నమాట నిజమే. కాని ఆ ముప్పది ప్రశ్నలకు గుర్తులు పెట్టుట వేరు, పిల్లవాని ప్రక్కన కూర్చుండి వాని తలంపు పోకడను వ్రాసికొనుట వేరు.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలకు ఈ విషయము మరింత ముఖ్యము. ఈ మూడును 2016 అక్టోబరు 11న ఏర్పడినవి. మహబూబాబాదు జిల్లా జనాభాలో మూడవ వంతునకు మించి గిరిజనులు. తండాలోని పిల్లవాడు ఇంట నీటిని పాణి అనును. తెలుగున ఏరు అనిన వాగు. కోయ యింట నీటికే ఆ పేరు. వాచకములో ఏరు అను మాట వచ్చినపుడు కోయపిల్ల చెప్పు అర్థము ఉపాధ్యాయునికి తప్పుగ తోచవచ్చును. ఆ పిల్లకు తెలివి లేదని వ్రాయుట ఎంత సులువు! అట్లు వ్రాయబడినవారే కొన్నాళ్లకు బడి మాని, మిరపతోటలలో కూలికి పోవుదురు.

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, సవరల భాషను స్వయముగ నేర్చి, అందులో వాచకములు వ్రాసి, సవర పిల్లలకు బడులు పెట్టించిరి. వ్యావహారిక భాషావాదమున వారితో ఏకీభవింపనివారు సైతము ఈ పనికి తలవంచవలసినదే. 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో, హైమన్‌డార్ఫ్ ప్రోత్సాహమున, గోండు యువకులనే ఉపాధ్యాయులుగ తీర్చు కేంద్రము వెలసినది. 2004 ప్రాంతమున ఉమ్మడి రాష్ట్రము కోయ, లంబాడీ భాషలతో సహా ఎనిమిది గిరిజన భాషలలో వాచకములు చేయించినది. పుస్తకములు అచ్చువేయుట ఒక ఏటి పని. ఆ పుస్తకములతో పిల్లలయొద్ద కూర్చుండగల ఉపాధ్యాయుని తయారుచేయుటకు నాలుగేండ్లు కావలయును.

పట్టము పొందినవాడు చిన్న తరగతులలో నిలుచునా అను ఆక్షేపణ ఒకటి కలదు. అది కొట్టివేయదగినది కాదు. ఇప్పటి పద్ధతిలో ప్రాథమిక ఉపాధ్యాయునికి పదోన్నతి అనిన తరచుగ స్కూల్ అసిస్టెంటై పై తరగతులకు పోవుట. ఒకటవ తరగతిని బాగుగ చెప్పినందులకు బహుమానము ఒకటవ తరగతినుండి తొలగింపు! చిన్న పిల్లలవద్దనే యుండి జీతమును గౌరవమును పెంచుకొను మార్గము లేనిదే ఏ కోర్సును ఫలింపదు.

2020 జాతీయ విద్యావిధానము 2030 నాటికి నాలుగేండ్ల సమీకృత బి.ఎడ్.ను ఉపాధ్యాయునికి కనీసార్హతగ చేయదలచినది. 2023-24లో ఆ కోర్సులు కొన్ని సంస్థలలో ప్రారంభమైనవి. ప్రాథమిక దశలకు ప్రత్యేకమైన శాఖలు అందు ఉద్దేశింపబడినవి. పూర్వపు వరంగల్లు జిల్లాకు హనుమకొండలో జిల్లా విద్యా శిక్షణ సంస్థయు, కాకతీయ విశ్వవిద్యాలయమును ఉన్నవి. ఒకచోట బడి అనుభవము, ఒకచోట శాస్త్రజ్ఞానము. ఈ రెండును కలసి ప్రాథమిక దశకు అట్టి కోర్సు నడుపుమని గ్రామపంచాయతులు, గ్రంథాలయములు వినతిపత్రము వ్రాయవచ్చును. ప్రాథమిక దశకు అని ఆ పత్రమున స్పష్టముగ ఉండవలయును. లేనిచో మరల ఉన్నత పాఠశాలకే ఉపాధ్యాయులు తయారగుదురు. వసతిగృహమును కూడ అడుగవలయును. కొత్తగూడ, గంగారము, మహాముత్తారము మండలములలోని కోయ ఇండ్లనుండియు, మరిపెడ వైపు తండాలనుండియు వచ్చు బాలికలు దినదినము హనుమకొండకు బస్సులో పోయిరాలేరు. 2030లో పట్టముతో బయటికి రావలసినవారు 2026లో చేరవలసినవారు.